ప్లేటు మీద ఫిడేలు

గ్రామఫోను రికార్డును తెలుగునాట చాలాకాలం ప్లేటు అనే అన్నారు. పది అంగుళాల ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరుగుతూ, ఒక పక్క మూడు నిమిషాల పైచిలుకు మోగి ఆగిపోయేది. ముల్లు ఎత్తి, ప్లేటు తిరగేసి, కీ ఇచ్చి మళ్లీ పెట్టుకోవాలి. కచేరీలో విద్వాంసుడు రాగం ఆలపించి, కీర్తన పాడి, నెరవు చేసి, స్వరకల్పన ముగించేసరికి అరగంట దాటిపోతుంది. ఆయనే ప్లేటుకు పాడితే రాగాన్ని రెండు మూడు పట్లలో చూపించి పల్లవి అందుకోవాలి. ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్న తెలివి కూడా విద్వత్తులో ఒక భాగమైంది. కచేరీకి తీసిన ఫొటోలా కాకుండా, కచేరీ నుంచి పుట్టిన వేరే రచనలా రికార్డును వింటే త్యాగరాజ కీర్తనైనా, జాజ్ అయినా, బీటిల్స్ పాటైనా దగ్గరికొస్తాయి.

కచేరీకీ ప్లేటుకీ ఉన్న ఈ తేడా విజయనగరంలో బాగా కనిపిస్తుంది. 1919లో అక్కడ మహారాజా వారి సంగీత కళాశాల మొదలైంది. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. హరికథా పితామహుడనిపించుకున్న దాసుగారి కళలో పాట, పద్యం, వచనం, అభినయం, కాలి గజ్జెలు అన్నీ ఒక్క మనిషిలోనే ఉండేవి. గంటలకొద్దీ సాగే ఆ కథ నుంచి మూడు నిమిషాల ముక్క కోస్తే దక్కేది తక్కువ. అదే కళాశాలలో వయొలిన్ ఆచార్యుడిగా చేరి, 1936లో ప్రిన్సిపాల్ అయిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారి కళ మాత్రం ప్లేటులో చక్కగా ఒదిగింది.

జనం ఆయన్ను ఫిడేలు నాయుడుగారు అనేవారు. ఫిడేలు ఐరోపా వాద్యం. దక్షిణాది సంగీతంలోకి వచ్చి రెండు వందల ఏళ్లు దాటింది. దాన్ని మన పద్ధతికి మలిచినవారిలో ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ముఖ్యుడు. ఐరోపావాళ్లు ఫిడేలును గడ్డం కింద ఇరికించుకుని వాయిస్తారు. మనవాళ్లు నేల మీద కూర్చుని దాని తలను పాదం మీద ఆనిస్తారు. బరువు పాదం మీదికి పోయాక ఎడమచెయ్యి తీగ మీద హాయిగా జారుతుంది. గమకమంతా ఆ జారుడులోనే ఉంది. తీగలకు కూడా ఐరోపా శ్రుతి కాకుండా స-ప-స-ప అని పెట్టుకుంటారు.

గాత్రానికి పక్కవాద్యంగా ఉండే ఫిడేలును ఒంటిగా కచేరీ చేయగల వాద్యంగా నిలబెట్టిన తొలివారిలో నాయుడుగారొకరు. ఆయన రికార్డు వినేటప్పుడు ఒకసారి రాగం సంగతి పక్కనపెట్టి కమానును మాత్రమే పట్టుకుని వినాలి. కమాను ఎక్కడ దిశ మార్చుకుంటోంది, ఒకే లాగుడులో నాదం ఎలా ఉబ్బి ఎలా సన్నగిల్లుతోంది, ఒక స్వరం మీద ఎంతసేపు నిలుస్తోంది అని. తర్వాత సాహిత్యం తెలిసిన కీర్తనైతే మాటలు మనసులో అనుకుంటూ మళ్లీ వినాలి. మాట విరిగే చోట కమాను విరుగుతుంది, అక్షరం సాగే చోట సాగుతుంది. వాద్యంలో పాట వినిపించడమంటే అదే.

పాత ప్లేట్లు వినేవారికి రెండు చిక్కులున్నాయి. ఒకటి గరగర. కంప్యూటరులో దాన్ని పూర్తిగా తుడిచేస్తే ఫిడేలు నాదంలోని పైపొరలు కూడా కొట్టుకుపోయి, వాద్యం తలుపు అవతల మోగుతున్నట్టుంటుంది. కాస్త గరగర ఉన్న ప్రతే మేలు. చెవి కొద్ది నిమిషాల్లో దాన్ని మరిచిపోతుంది. రెండోది వేగం. తొలినాటి ప్లేట్లన్నీ సరిగ్గా 78 చుట్లకే తయారుకాలేదు. నిమిషానికి నాలుగైదు చుట్ల తేడా వస్తే చాలు, శ్రుతి అరస్వరం మారిపోతుంది. గొంతు మరీ సన్నగా, నడక మరీ హడావుడిగా తోస్తే నెపం విద్వాంసుడి మీద వేసే ముందు యంత్రాన్ని అనుమానించాలి.

రికార్డు వచ్చాక కాలమే కాదు, గొంతు కూడా మారింది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడినప్పుడు మైకు లేదు. గాయని ఒక పెద్ద గొట్టంలోకి గట్టిగా పాడితే, ఆ గాలి ఒత్తిడికే ముల్లు కదిలి మైనం మీద గీత గీసేది. పాట చివర ఆమె తన పేరు ఇంగ్లీషులో చెప్పుకోవడం కూడా ఆ రోజుల అవసరమే. ప్లేట్లు అచ్చయ్యేది జర్మనీలో, పాడిందెవరో అక్కడివాళ్లకు తెలియాలి కదా. 1925 ప్రాంతంలో విద్యుత్తుతో, మైకుతో రికార్డు చేయడం మొదలయ్యాక గుసగుస కూడా ప్లేటెక్కింది.

తెలుగు పాట మీద మైకు ప్రభావం ఇంతా అంతా కాదు. పద్యనాటకంలో నటుడి గొంతు ఆఖరి వరుసలో చాప పరుచుకుని కూర్చున్నవాడికీ వినపడాలి. అందుకని పద్యం చివర రాగం పొడుగ్గా సాగేది. ఘంటసాల వెంకటేశ్వరరావు విజయనగరం వచ్చి, సాలూరు చిన గురువుగారని పిలిచే పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర చదువుకున్నారు. మధుకరం ఎత్తుకుని కడుపు నింపుకున్న రోజులవి. తర్వాత ఆయన పద్యాన్ని మైకు కోసం మలిచారు. రాగాన్ని కుదించారు, మాట అర్థాన్ని ముందుకు తెచ్చారు, గొంతు దించారు. కరుణశ్రీ పుష్పవిలాపం ఆయన గొంతులో వింటుంటే ఎదురుగా కూర్చుని ఒక్కరికే చెబుతున్నట్టుంటుంది. నాటకశాలలో అది కుదిరే పని కాదు.

సాలూరు దగ్గరి శివరామపురంలో 1922లో పుట్టిన సాలూరి రాజేశ్వరరావు ఇంకో అడుగు వేశారు. ఆయన, రావు బాలసరస్వతీదేవి కలిసి ప్లేట్లకు పాడిన పాటలతో లలిత సంగీతానికి తెలుగిళ్లలో చోటు దొరికింది. లలితం అన్నమాటే మైకు పెట్టిన భిక్ష. 1951 నాటి మల్లీశ్వరి సినిమా పాటల్లో గొంతు ఆగిన చోట వాద్యాలు ఏం చేస్తున్నాయో గమనిస్తే, చరణానికీ చరణానికీ మధ్య వచ్చే ఆ కొద్దిపాటి సంగీతంలోనే రాజేశ్వరరావు నేర్పు సగం తెలుస్తుంది. విజయనగరంలో పుట్టి అదే కళాశాలలో చదివిన పి. సుశీల గొంతు కూడా మైకు దగ్గర విరిసిన గొంతే.

రికార్డుకు ఇంకో లక్షణం ఉంది. ఏ సందర్భంలో పదే పదే మోగితే ఆ సందర్భం దానికి అంటుకుపోతుంది. ఘంటసాల చివరి రోజుల్లో పాడిన భగవద్గీత ఎల్పీని ఉత్తరాంధ్రలోనే కాదు, తెలుగునాట ఏ ఊళ్లోనైనా వీధి మొదట్లో వింటే జనం ముందు అడిగేది ‘ఎవరు పోయారు?’ అని. శ్లోకం తర్వాత శ్లోకంగా రాగాలు ఎలా మారుతున్నాయో, తాత్పర్యం చెప్పేటప్పుడు గొంతు ఎలా చదునవుతుందో విన్నవారు తక్కువ. చావింటి నుంచి విడదీసి, ఒక ఉదయం తీరిగ్గా వినదగ్గ రికార్డు అది.

ఈ ఎల్పీ అనే ఎక్కువసేపు మోగే ప్లేటు 1948లో వచ్చింది. ఒక పక్క ఇరవై నిమిషాలకు పైగా మోగేది. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతానికి ఇది పెద్ద ఊరట. అంతకుముందు బెతోవెన్ సింఫనీ ఒకటి వినాలంటే నాలుగైదు ప్లేట్లు మార్చాల్సి వచ్చేది. తెలుగు చెవి ఈ సంగీతంలోకి దిగడానికి సింఫనీ కంటే ఒంటి ఫిడేలే మంచి మెట్టు. బాహ్ రాసిన డి మైనర్ పార్టీటాలోని ఛకోన్ పదిహేను నిమిషాల పాటు ఒక్క ఫిడేలు మీదే నడుస్తుంది. నాలుగు ఆవర్తనాల చిన్న వరుస ఒకటి అడుగున తిరుగుతూ ఉంటే, దాని మీద అరవైకి పైగా మార్పులు వస్తాయి. కీర్తనలో ఒకే పాదాన్ని సంగతి మీద సంగతిగా పెంచుకుంటూ పోవడం తెలిసినవారికి ఇది పరాయిగా ఉండదు. తేడా ఒక్కటి. ఇక్కడ గమకం స్థానంలో రెండు మూడు తీగలు కలిసి పలికే స్వరసమూహాలున్నాయి. రాగం ఒక దారిన నడుస్తుంది, ఇది ఒకేసారి పలు దారుల్లో నడుస్తుంది.

జాజ్ దగ్గర మన శ్రోత తరచు తడబడేది అడుగున స్వరసమూహాలు గబగబా మారిపోవడం వల్ల. 1959లో మైల్స్ డేవిస్ చేసిన కైండ్ ఆఫ్ బ్లూ ఆ తొందరను తగ్గించింది. అందులో మొదటిదైన సో వాట్ రెండే స్వరశ్రేణుల మీద ఉంది. పదహారు ఆవర్తనాలు ఒకదానిలో, ఎనిమిది అరస్వరం పైన, మళ్లీ ఎనిమిది మొదటిదానిలో. వేళ్లమీద లెక్కపెడుతూ అడుగున మోగే బాస్ వాద్యాన్ని పట్టుకుంటే చాలు, పైన ట్రంపెట్, శాక్సఫోన్ చేసేది మనోధర్మమేనని తెలిసిపోతుంది. డేవిస్ తోటివాళ్లకు ముందుగా ఇచ్చింది క్లుప్తమైన రూపురేఖలే. ఆ రికార్డులోని తాజాదనానికి అదొక కారణం.

రాక్ సంగతి క్లుప్తంగానే చెప్పుకోవచ్చు. మనం తాళం మొదటి దెబ్బ మీద చప్పట్లు కొడతాం. రాక్ డ్రమ్ము బరువంతా రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద పడుతుంది. అది పట్టుబడ్డాక ఇక వినాల్సింది స్టూడియో పనితనం. 1966లో బీటిల్స్ చేసిన టుమారో నెవర్ నోస్ అడుగున తంబురా మోగుతుంది. దాదాపు ఆ పాటంతా ఒకే ఆధారస్వరం మీద సాగుతుంది. దానిపైన టేపు ముక్కలను చుట్లుగా అతికించి తిప్పిన ధ్వనులున్నాయి. ఆనాడు వేదిక మీద ఎవరూ దాన్ని అలాగే వినిపించగలిగేవారు కాదు. ఆ సంగీతానికి అసలు ప్రతి రికార్డే.

వరల్డ్ మ్యూజిక్ అన్న మాట సంగీత పరిశోధకుల నోట ముందే ఉన్నా, దుకాణాల్లో స్థిరపడింది వ్యాపారం కోసమే. పాటలు ఏ అరలో పెట్టాలో తెలియక, దుకాణాల కోసం లండన్‌లో 1987లో రికార్డు వ్యాపారులు ఎంచుకున్న పేరది. ఆ లెక్కన త్యాగరాజు కూడా ఆ అరలోకే పోతాడు! ఆ అరలోనే ఆణిముత్యాలూ ఉన్నాయి. పాలకొల్లు మాండలిన్ విద్వాంసుడు యు. శ్రీనివాస్ 1995లో మైఖేల్ బ్రూక్‌తో చేసిన డ్రీమ్ వాటిలో ఒకటి. మాలి దేశపు అలీ ఫర్కా తూరే, అమెరికన్ రై కూడర్‌తో 1994లో చేసిన టాకింగ్ టింబక్టూ ఇంకొకటి.

తూరే గిటారు వింటే శ్రీకాకుళం, విజయనగరం పల్లెలవారికి జముకు అనే వాద్యం గుర్తుకు రావచ్చు. ఒకవైపు తోలు మూసిన బుర్ర, ఆ తోలు నడుమ నుంచి వచ్చే తీగ, తీగ చివర చిన్న కర్ర. కర్రను లాగి, వదులు చేసి మీటుతుంటే స్వరం ఒంగుతుంది. మెట్లు లేవు. కథ చెప్పే మనిషి మాట ఎటు ఒంగితే తీగ అటే ఒంగుతుంది. జముకుల కథ రికార్డులో మొదట దరువే వినిపిస్తుంది. రెండోసారికి మాట యాస, మూడోసారికి ఆ యాసకు జవాబు చెప్పే తీగ వినపడతాయి. చిన్న స్పీకరులోంచి అయితే ఆ తీగ అడుగు నాదం రాదు, టకటక ఒక్కటే వస్తుంది. చెవికి పెట్టుకునే హెడ్‌ఫోన్ గానీ, కాస్త పెద్ద స్పీకరు గానీ ఉంటే బుర్ర లోపలి గాలి కూడా మోగుతుంది.