పిడకల గోనె దించిన పిల్ల



ఈసారి మన గోడపత్రికలో ఒక చిన్న నవల గురించి చెప్పుకుందాం. పేరు 'తొలి ఉపాధ్యాయుడు'. రాసింది చింగీజ్ ఐత్‌మాతోవ్ (1928–2008). ఈయనది కిర్గిజ్‌స్తాన్. అది మధ్య ఆసియాలో ఉన్న కొండల దేశం, 1991 దాకా సోవియట్ యూనియన్‌లో భాగం. నవల 1962లో వచ్చింది. మాస్కో నుంచి తెలుగు పుస్తకాలు చవగ్గా వచ్చే రోజుల్లో ఇది తెలుగులోకి కూడా వచ్చింది. ఒక ఆదివారం కూర్చుంటే అయిపోతుంది.

కథ 1924లో జరుగుతుంది. కుర్కురేవు అనే కొండపల్లెలో బడి అన్నదే లేదు. దుయ్‌షేన్ అనే యువకుడు వచ్చి బడి పెడతానంటాడు. పనిచేసుకుని బతికేవాళ్ళకి చదువెందుకని ఊరు నవ్వుతుంది. అతను గుట్ట మీద పాడుపడ్డ గుర్రాలసాలని ఒక్కడే బాగుచేసి బడిగా మారుస్తాడు. చలికాలంలో వాగు నీళ్ళు మంచులా ఉంటే చిన్నపిల్లల్ని ఎత్తుకుని దాటిస్తాడు. గుర్రాల మీద పోయే డబ్బున్నవాళ్ళు చూసి ఎగతాళి చేస్తారు. అతను మాత్రం వినబడనట్టే ఉంటాడు. ఇంతా చేసి ఆయనకి పెద్ద చదువేమీ రాదు. కూడబలుక్కుని చదువుతాడు. చేతిలో వాచకం కూడా లేదు. వచ్చినంతా మాత్రం దాచుకోకుండా చెబుతాడు.

ఆ బడిలో పెద్దపిల్ల అల్తినాయ్. వయసు పద్నాలుగేళ్ళు ఉంటుంది. అమ్మానాన్నా లేరు, బంధువుల పంచన పెరుగుతోంది. పొయ్యిలోకి ఎండుపేడ ఏరుకురావడం ఆమె పని. ఒకరోజు తోటిపిల్లలతో గోనె మోసుకుంటూ బడి ముందు నుంచి పోతుంది. చలికాలానికి బడిలో పొయ్యి వెలగాలి కదా, మన గోనెలు ఇక్కడ పోసేద్దాం అంటుంది. మిగతావాళ్ళు భయపడి వెళ్ళిపోతారు. ఆమె ఒక్కతే తన గోనె అక్కడ కుమ్మరిస్తుంది. ఇంటికెళితే దెబ్బలు తప్పవని తెలుసు. దెబ్బలు పడతాయి కూడా.

నాకు ఈ నవలంతటికీ ఇదే గుండెకాయ అనిపించింది. ఎదగడం అంటే ఎత్తు పెరగడం, పై తరగతికి పోవడం అనుకుంటాం గానీ, ఎవరూ చెప్పకుండా ఒక మంచిపని తనంతట తాను చేసి, దాని కష్టం కూడా తానే భరించిన రోజున అల్తినాయ్ పెద్దదయింది.

తర్వాత ఆ ఇంటి ఇల్లాలు ఆమెని ఒకడికి రెండో పెళ్ళాంగా అమ్మేస్తుంది. అడ్డుపడ్డ దుయ్‌షేన్‌ని చెయ్యి విరిగేలా కొట్టి పిల్లని ఎత్తుకుపోతారు. ఆయన ఊరుకోడు. కట్లతోనే పోలీసుల్ని వెంటబెట్టుకెళ్ళి విడిపించుకొస్తాడు. పై చదువుకి తాష్కెంట్ రైలెక్కిస్తాడు. పంపేముందు ఇద్దరూ కలిసి గుట్ట మీద రెండు పోప్లార్ మొక్కలు నాటతారు.

ఏళ్ళు గడిచి అల్తినాయ్ మాస్కోలో పేరున్న విద్వాంసురాలవుతుంది. ఊళ్ళో కొత్త బడి ప్రారంభానికి ఆమెని పిలుస్తారు. అదే సమయానికి ముసలి దుయ్‌షేన్ గుర్రం మీద టెలిగ్రాములు పంచుతూ ఉంటాడు. విందులో ఎవరో ఆయన పాతకాలపు బడి గురించి జోకులేస్తే అందరూ నవ్వుతారు. అల్తినాయ్ సిగ్గుతో ఎర్రబడుతుంది, కానీ నోరు విప్పి ఏమీ చెప్పలేకపోతుంది. ఆ మనోవేదనతో తర్వాత రాసిన ఉత్తరమే ఈ కథ. బడికి దుయ్‌షేన్ పేరు పెట్టమని అడుగుతానంటుంది అందులో.

ఇన్నేళ్ళూ ఏం చేసిందని నాకు ఆమె మీద కోపం వచ్చింది. చివరికి ఒకటి అర్థమైంది. ఎదగడంలో రెండు మెట్లున్నాయి. మొదటిది ధైర్యంగా గోనె దించడం. రెండోది, మనల్ని వాగు దాటించినవాళ్ళ పేరు నలుగురిలో గట్టిగా చెప్పడం. మొదటి మెట్టు ఆమె పద్నాలుగేళ్ళకే ఎక్కింది. రెండోదానికి జుట్టు నెరిసేదాకా పట్టింది.

మనకీ దుయ్‌షేన్‌లు ఉన్నారు. గూడెంలో పాకలో కూర్చోబెట్టి అఆలు దిద్దించినవాళ్ళు, మన భాషలోనే లెక్క అర్థమయ్యేలా చెప్పినవాళ్ళు. పట్నం వెళ్ళాక వాళ్ళ గురించి ఎవరైనా నవ్వితే మనం కూడా కలిసి నవ్వొద్దు.

ఇంకో మాట. సెలవులకి ఇంటికెళ్ళి మళ్ళీ రాని అక్కలు ఉంటారు. పెళ్ళి కుదిరిందట అని వింటాం, ఆ మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆడపిల్లకి 18 ఏళ్ళు నిండకుండా పెళ్ళి చెయ్యడం చట్టప్రకారం నేరం. వార్డెన్ గారికీ టీచర్లకీ మా మనవి ఒక్కటే: ఎవరైనా రాకపోతే రిజిష్టరులో పేరు కొట్టెయ్యకముందు ఒకసారి ఆ ఇంటికి వెళ్ళిరండి. మీతోపాటు మేమూ వస్తాం. దుయ్‌షేన్ విరిగిన చెయ్యితో కూడా వెళ్ళాడు కదా!

— 9వ తరగతి విద్యార్థిని