పనికి పోవు దారిలో గడచు కాలము

"మీ కచేరి ఇంటికెంత దూరము?" అని ఎవరినైనను అడిగి చూడుడు. "ముప్పావు గంట" అను జవాబు వచ్చును. దూరమడిగినవారికి కాలము చెప్పుట మనలో వాడుక. ఈ వాడుకలో కొంత వివేకమున్నది. పనివాడు దారిలో వెచ్చించు ప్రతి గడియయు అతని నిద్రలో నుండియో, భోజనవేళలో నుండియో, పిల్లల చదువు చూచుకొను సాయంకాలములో నుండియో తగ్గవలసినదే. జీతము లెక్కకట్టువారు దానిని లెక్కింపరు. అట్టి కాలమును ప్రభుత్వ గణాంకములు ఎంతవరకు పట్టుకొనుచున్నవో శ్రోతలకు వివరింపదలచితిమి.

2011 జనగణనలో, ఇంటి నుండి పనిచేయు చోటికి దూరమెంత, ఏ సాధనముపై పోవుదురు అను రెండు ప్రశ్నలు వేసిరి. సేద్యము, వ్యవసాయ కూలి, కుటీర పరిశ్రమ - ఈ మూడింటికి చెందని "ఇతర శ్రామికులు" మాత్రమే వీనికి సమాధానము చెప్పవలసినవారు. దేశము మొత్తము మీద అట్టివారు సుమారు 20 కోట్లు. వారిలో నూటికి 30 మందికి ప్రయాణమే లేదు. ఇల్లే పనిచోటు, లేదా పనిచోటనే నివాసము. నూటికి 23 మంది నడచియు, 13 మంది సైకిలుపైనను పోవుచుండిరి. స్కూటర్లు, మోటారు సైకిళ్ళవారు మరియొక 13 మంది. బస్సువారు 11 మంది. కార్లలో పోవువారు ముగ్గురికి లోపే. మన పట్టణములలో పైవంతెనల గురించి జరుగు చర్చలు వినువారికి ఈ కడపటి అంకె ఆశ్చర్యము గొలుపకపోదు.

అయితే ఈ పట్టికలలో గడియారము లేదు. అయిదు కిలోమీటర్లు స్కూటరుపై పోవు గుమాస్తాకు పావుగంట. అదే దూరము తాపీపనికి నడచి పోవు కూలికి గంట. దూరపు లెక్కలో ఇద్దరును ఒకే వరుసన నుందురు. బస్సుకై కూడలిలో నిలచిన కాలము ఏ వరుసలోను చేరదు.

అమెరికాలో పద్ధతి వేరు. అచట 1960 జనగణనలో ఏ వాహనముపై పనికి పోవుదురని అడిగిరి. 1980లో ఎన్ని నిమిషములు పట్టునను ప్రశ్నను చేర్చిరి. ఆ యేడు దేశపు సగటు 21.7 నిమిషములు; 2019 నాటికి 27.6. ఇపుడు ఏటేట జరుగు సర్వేలో ఇల్లు వీడు వేళను కూడ అడుగుచున్నారు. అందుచేత మన జిల్లా వంటిదగు కౌంటీకి కూడ ఈ లెక్క దొరకును. కాలిఫోర్నియాలోని శాన్ వాకీన్ కౌంటీని తీసికొందము. పడమట సిలికాన్ లోయలో ఇండ్ల ధరలు అందక, ఆల్టమాంట్ కనుమకు ఈవల కాపురముండి ఆవల ఉద్యోగము చేయువారు అచట వేలకొలది గలరు. వారిలో, మౌంటెన్ హౌస్ అను క్రొత్త ఊరిలో స్థిరపడిన తెలుగు కుటుంబములవారును ఉన్నారు. స్టాక్టన్ నుండి శాన్ హోసేకు 1998లో ప్రారంభమైన రైలు 86 మైళ్ళు పోవుటకు రెండు గంటలు దాటును; ఉదయము పడమరకు, సాయంకాలము తూర్పునకు నడచునట్లే దాని వేళలు అమర్చిరి. ఇంతయు నుండగా ఆ కౌంటీ సగటు ముప్పది పైచిలుకు నిమిషములే! ఊరిలోనే పది నిమిషములలో పనికి చేరువారును, కనుమ దాటి రెండు గంటలు పోవువారును ఒక్క అంకెలో కలసిపోయిరి. పైగా అది పోవుటకు పట్టు కాలము మాత్రమే. తిరిగి వచ్చుట గురించి ఎవరును అడుగరు.

మన దేశమున ఈ లోటును కొంత తీర్చినది జాతీయ గణాంక కార్యాలయము 2019లో జరిపిన కాలవినియోగ సర్వే. ఉదయము 4 గంటల నుండి మరునాటి ఉదయము 4 గంటల వరకు దినమును అర్ధగంట ముక్కలుగా విభజించి, ఏ ముక్కలో ఏమి చేసితిరని అడిగిరి. 2024లో మరల అడిగిరి. అందు పనికై చేయు ప్రయాణమునకు వేరుగా చోటున్నది. కాని అది కొద్ది ఇండ్లను ఎన్నుకొని చేయు నమూనా సర్వే. ఒక్కొక్క మండలము సంగతి అందు తేలదు.

ఇక అన్నిటికంటె పెద్ద లోటు. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వ్యవసాయ కూలీలు సుమారు 1 కోటి 70 లక్షలు. అనగా పనిచేయు ప్రతి పదిమందిలో నలుగురికి పైగా. దూరపు ప్రశ్న వీరికి వర్తింపనే లేదు. కూలి ఉన్న ఊరిలోనే చేనును ఉండునను పాత యూహ దీనికి కారణము కావచ్చునని మాకు తోచుచున్నది. గుంటూరు, పల్నాడు ప్రాంతములలో మిరపకోతల కాలమున ఒక్క ఉదయము రోడ్డుపై నిలచినచో ఆ యూహ నిలువదు. తెలతెలవారకముందే ముఠా మేస్త్రి కేకకు ఆడువారు సద్ది క్యారేజీలతో కూడలికి చేరుదురు. ముగ్గురికి అనుమతి గల ఆటోలో పదిమందికి పైగా ఎక్కుదురు. డ్రైవరునకు ఇరుప్రక్కల ఇద్దరు, వెనుక కాళ్ళు వ్రేలాడవేసికొని మరికొందరు. చేను ఇరువది, ముప్పది కిలోమీటర్లు ఉండవచ్చును. ఆటో బాడుగ రైతు భరించుట కొన్ని యూళ్ళ మర్యాద. కొన్నియెడల అది కూలిలో తగ్గును. కోసిన కాయకు కిలోల లెక్కన కూలి ఇచ్చుచోట, దారిలో పోయిన గంట కూలిలో పోయినట్లే. ఇల్లు చేరిన పిదప పొయ్యి ముట్టింపవలసినదియు ఆమెయే. ఇట్టి ఆటోలు బోల్తాపడిన వార్తను ఉదయపు వార్తలలో చదువవలసిన దినములు మాకు పెక్కు వచ్చినవి. ఎందరు చనిపోయిరో ఆ వార్తలో ఉండును. ఆ దారిన రోజూ ఎందరు పోవుచున్నారో ఏ పట్టికలోను లేదు.

దారి ఖర్చు మారినపుడు అలవాటును మారును. తెనాలి నుండి బెజవాడకును, కాజీపేట నుండి సికింద్రాబాదుకును పోవు ఉద్యోగులు 150 కిలోమీటర్ల వరకు దొరకు సీజను టికెట్టుపై ఆధారపడినవారు. 2020 మార్చిలో ప్యాసింజరు రైళ్ళు ఆగినవి. మరల నడచినపుడు పెక్కింటికి ఎక్స్‌ప్రెస్ ధర పడి, 2024 ఆరంభమున గాని పాత ధర రాలేదు. బస్సులలో మార్పు ఇందుకు విరుద్ధము. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండియు, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15 నుండియు స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణము కల్పించిరి. ధర లేకున్నను కండక్టరు సున్న టికెట్టు ఇచ్చుచున్నాడు. లెక్కల కోసమని కాకపోయినను, పల్లె స్త్రీ ఎచట ఎక్కి ఎచట దిగినదో తెలుపు విస్తారమైన చిట్టా ఒకటి ఈ విధముగా తయారగుచున్నది. తెల్లవారుజామున చేని గట్టుకు పోవు బస్సు లేదు గనుక మిరపకోతల కూలీలు మాత్రము అందులోను చేరరు.

2021లో జరుగవలసిన జనగణన వాయిదాపడి, దానికి 2027 మార్చి 1 ప్రమాణదినముగా నిర్ణయించిరి. దూరపు ప్రశ్నను వ్యవసాయ కూలీలకు కూడ వర్తింపజేసి, దాని ప్రక్కన నిమిషములకు ఒక గడి చేర్చినచో కాగితము పెరుగదు. 2011లో జనాభా లెక్క ఫిబ్రవరి 9 నుండి 28 వరకు జరిగినది. ఈ తూరియు ఫిబ్రవరియే యగునెడల అది కోతల నడిమి కాలము. లెక్క వ్రాయు ఉపాధ్యాయుడు పగటిపూట పోయినచో ఆ ఇండ్లకు తాళములుండును. దీపములు పెట్టిన తరువాత పోవలెను.