వెనుక ద్వారం ఉన్న జూ

అంతరించిపోతున్న జంతువుల కోసం ఒక జూను ఊహించి గీయవలసి వస్తే, సందర్శకులు వచ్చే దారి కంటే ముందు జంతువులు తిరిగి వెళ్ళే దారిని గీయాలి. సూరత్, హైదరాబాద్‌ల అనుభవం చెబుతున్నది ఇదే.

సూరత్‌లో నేతకు, బట్టల మార్కెట్లకు పేరుపడిన సలాబత్‌పురా నుంచి తాపీ నది ఎగువ దిశగా వెళితే, నగరపాలక సంస్థ 1984లో ప్రారంభించిన సర్థాణా జూ వస్తుంది. తెలంగాణ పల్లెల నుంచి తరతరాలుగా వలసవెళ్ళి సూరత్ పేటల్లో స్థిరపడిన పద్మశాలి కుటుంబాలకు, అక్కడి మునిసిపల్ బడుల్లో తెలుగు మాధ్యమంలో చదివే పిల్లలకు, పులినీ సింహాన్నీ దగ్గరగా చూడగలిగే చోటు అది. అంతరించిపోతున్న జంతువుల కోసం కొత్త జూ పటం గీయమని ఆ పిల్లలను అడిగితే, టికెట్ కౌంటరుతో మొదలుపెట్టి బోనులు, బాటలు, బెంచీలు గీసుకుంటూ పోవడం సహజం, ఎందుకంటే లోకంలోని జూలు ఎక్కువగా చూపరుల వైపు నుంచి కట్టినవే. జాతిని నిలబెట్టడమే లక్ష్యమైనప్పుడు మాత్రం పటం అవతలి కొస నుంచి మొదలుకావాలి. పుట్టిన పిల్లలు ఏ అడవికి, ఏ నదికి చేరాలో ముందు తేల్చుకుని, అటు తెరుచుకునే వెనుక ద్వారాన్ని గీసి, అక్కడి దాకా వాటిని సిద్ధం చేసే ఏర్పాట్లను ఆ తరువాత నిర్ణయించాలి.

కడ్డీల నుంచి కందకాల దాకా

జర్మనీలోని హాంబర్గ్ సమీపంలో కార్ల్ హాగెన్‌బెక్ 1907లో ప్రారంభించిన జంతుశాల కడ్డీలను తొలగించి, వాటి స్థానంలో కంటికి కనిపించని కందకాలను పెట్టింది. దానితో చూపరికి అడవిలో ఉన్నట్లు తోచింది గాని, జంతువును ఉంచిన ప్రయోజనం మారలేదు. ఆ ప్రయోజనాన్నే మార్చదలచిన వారిలో ముఖ్యుడు 1959లో జెర్సీ దీవిలో జూ నెలకొల్పిన జెరాల్డ్ డరెల్. అరుదైన జాతులను పెంచి, స్వస్థలాలకు తిరిగి పంపే వరకు అవి తలదాచుకునే చోటుగా ఆయన జూను భావించాడు. 1974 నాటికి అడవిలో నాలుగే మిగిలినట్లు లెక్కతేలిన మారిషస్ డేగ మళ్ళీ వందల సంఖ్యకు చేరడంలో ఆయన సంస్థ కృషికి పెద్ద పాత్ర ఉంది.

నీటికుక్క కోరే ఇల్లు

సర్థాణా జూకు దేశంలో గుర్తింపు తెచ్చిన జంతువు నున్నని బొచ్చున్న నీటికుక్క. అంతరించే ముప్పును అంచనా వేసే అంతర్జాతీయ ఎర్ర జాబితాలో ఇది 'దుర్బల' వర్గంలో ఉంది, అంటే ఇప్పుడే జాగ్రత్తపడకపోతే మరింత ప్రమాదస్థితికి జారిపోయే జాతి అని అర్థం. గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న కోరింగ మడ అడవుల్లోనూ ఇవి కుటుంబాలుగా తిరుగుతూ చేపలు పట్టుకుని బతుకుతాయి. నీటిలో ఈదే జంతువు కదా అని పెద్ద కొలను ఒక్కటే గీస్తే పొరపాటు, ఎందుకంటే తడిసిన బొచ్చును ఆరబెట్టుకోలేని నీటికుక్క జబ్బుపడుతుంది. అందువల్ల దాని ఆవరణలో నీటికంటే నేల ఎక్కువగా, ఇసుకగట్టు పొడిగా, పిల్లలను పెట్టేందుకు బొరియ చీకటిగా, చూపరుల చప్పుడుకు దూరంగా ఉండాలి.

హైదరాబాద్‌లో 1963లో ప్రారంభమైన నెహ్రూ జూ పార్కు, జంతువు అవసరాన్ని బట్టి ఏర్పాట్లు చేసే ఈ పద్ధతిని మరో మెట్టు పైకి తీసుకెళ్ళింది. 2010లో అక్కడ కొద్దిపాటి మూషిక జింకలతో సంతానోత్పత్తి కార్యక్రమం మొదలైంది. కుందేలంత పరిమాణంలో, కొమ్ములు లేకుండా, రాత్రిపూట తిరిగే ఈ జంతువు చిన్న అలికిడికే బెదురుతుంది. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన లాకోన్స్, అంటే అంతరించే జాతుల సంరక్షణ ప్రయోగశాల, వాటిని పట్టి రక్తం తీయకుండా, పెంటికల్లో మిగిలే హార్మోన్ల జాడను పరీక్షించి వాటి సంతానోత్పత్తి స్థితిని తెలుసుకుంది. అలా పెరిగిన మందలోంచి కొన్నింటిని 2017లో నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి తరలించి, ముందు కంచె వేసిన అడవిలో ఉంచి అక్కడి మేతకు అలవాటు చేశారు. ఊహించే జూకు వెనుక ద్వారమంటే ఇదే.

మొదటి జంటల లెక్క

పడుగులో పోగుల లెక్క తప్పితే ఎంత పొడవు నేసినా ఆ లోపం వెంటే వచ్చినట్లు, మొదట తెచ్చిన జంతువుల వంశం సరిగా తెలియకపోతే తరువాతి తరాలన్నీ చెడతాయి. ఉత్తర అమెరికా జూలు గిర్ సింహాలనుకుని పెంచిన మందకు మూలమైన అయిదింటిలో రెండు ఆఫ్రికా సింహాలని 1987లో జన్యు పరీక్షలు తేల్చడంతో ఆ కార్యక్రమం అర్థం కోల్పోయింది. అందుకే ప్రతి జంతువు తల్లిదండ్రులను నమోదుచేసే వంశావళి పుస్తకం, దగ్గరి రక్తసంబంధం గల జంటలను వేరుగా ఉంచే ఆవరణలు, 1992లో ఏర్పడిన కేంద్ర జూ అథారిటీ ఆధ్వర్యంలో ఇతర జూలతో జంతువుల మార్పిడి, మొదటి పటంలోనే చోటు పొందాలి.

సూరత్ అడిగే జాగ్రత్తలు

నగరంలో అత్యధిక భాగాన్ని ముంచిన 2006 ఆగస్టు నాటి తాపీ వరద గుర్తున్న ఊరిలో ప్రతి ఆవరణకూ ఎత్తయిన ఆశ్రయం, జంతువులను తరలించే దారి తప్పనిసరి. 1994లో ప్లేగు భయంతో లక్షలమంది విడిచివెళ్ళిన ఈ నగరమే, తరువాత కమిషనర్‌గా వచ్చిన తెలుగువాడు ఎస్.ఆర్. రావు హయాంలో పారిశుద్ధ్యానికి ఆదర్శంగా నిలిచింది. కొత్త జంతువులను విడిగా ఉంచి పరీక్షించే క్వారంటైన్ గది, ఎలుకలు చేరని దాణా కొట్టు జూలో ఎందుకు ముఖ్యమో ఈ నగరానికి వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఏ పటమూ అన్ని జాతులనూ కాపాడలేదు. 1986లో కడప జిల్లాలో మళ్ళీ కనిపించిన కలివికోడి అనే పక్షిని పంజరంలో పెంచిన అనుభవం ఎవరికీ లేదు. దానికి కావలసింది శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యంలోని పలుచని ముళ్ళపొదల నేల చెక్కుచెదరకుండా ఉండటమే. నీటికుక్క విషయమూ చివరకు అంతే. అద్దకం మిల్లుల నీరు శుద్ధికాకుండా కలిసే నదిలోకి పెంచిన పిల్లలను వదలడం వాటిని చంపుకోవడమే. కాబట్టి పిల్లలు గీసే జూ పటం ప్రహరీ గోడ దగ్గర ఆగకూడదు. నదిని, నదిలో కలిసే కాలువలను, ఆ నీటిని శుద్ధిచేసే కేంద్రాలను కూడా అదే కాగితం మీద గీయాలి. ఎంతమంది వచ్చి చూశారన్న సంఖ్యతో పాటు, ఎన్ని జంతువులు వెళ్ళి బతికాయన్న సంఖ్యను ఏటా ప్రకటించే జూయే అంతరించే జాతులకు నిజంగా అక్కరకు వస్తుంది.