పెద్ద తొట్టికి ఇంటిల్లిపాది సమ్మతి

ఇంటిలో రెండడుగుల అద్దపు తొట్టి నుంచుకొని, అందులో నాలుగు గోల్డ్ ఫిష్‌లను పెంచుచున్న గృహస్థునకు, ఏడాది రెండేండ్లు గడచిన పిమ్మట నాలుగడుగుల తొట్టి కావలెనన్న కోరిక పుట్టుట సహజము. ఆ కోరికను రాత్రి భోజనముల వేళ బయటపెట్టగానే ఇంటిలోని వారందరును ఏకకంఠముతో వలదనుటయు అంతే సహజము. విజయవాడలో మొదటి అంతస్తున నివసించు మా కుటుంబమున ఈ వాదము ఏడాదికి పైగా నడచినది. ఆ కాలమందు నేను తెలిసికొన్న దేమనగా, చేపలను ప్రేమించువాడు ఇంటివారి నిరాకరణమును ఒక అడ్డుగోడగా భావించి దానిని దాటు ఉపాయములను వెదకును గాని, ఆ నిరాకరణమునందలి ప్రతి మాటలోను ఏదో యొక నిజము దాగి యుండును. ఆ నిజమును చెవినిబెట్టి, అందుకు తగిన ఏర్పాటు చేసికొన్న పిమ్మటనే పెద్ద తొట్టి గడప దాటి లోనికి రావలయును.

అసలు పెద్ద తొట్టి ఎందులకు? వేడుక కొరకే అయినచో ఇంటివారిని కష్టపెట్టవలసిన పని లేదు. చేపల కొరకు కావలెను. దుకాణములో రెండంగుళముల పొడవున మిలమిల మెరయుచు కనబడు గోల్డ్ ఫిష్, మన చెరువులలో రైతులు పెంచు బంగారుతీగకు దగ్గరి చుట్టము. చీనా దేశీయులు వేయి సంవత్సరములకు పైబడి దానిని మచ్చిక చేసి, రంగులను తోకలను మార్చిరే కాని, పెరుగు స్వభావమును మార్పలేదు. తగిన నీరు, తగిన తిండి దొరికినచో అది జానెడును మించి పెరుగును. పది పదిహేనేండ్లు సులభముగా బ్రతుకును. ఇంగ్లండులో 1956లో ఒక సంతలో బహుమానముగా గెలుచుకొన్న గోల్డ్ ఫిష్ ఒకటి 1999 వరకు, అనగా 43 ఏండ్లు జీవించినది. గాజు కూజాలో ఆరు నెలలకు చచ్చిన చేపను చూచి దాని ఆయుర్దాయ మింతే యని మనము సరిపెట్టుకొనుచున్నాము. గుండ్రని గాజు పాత్రలలో ఈ చేపల నుంచుట క్రూరత్వమని ఇటలీలోని మోంజా నగరపాలకులు 2004లో నిషేధించిరి. ఆ మరుసటి యేట రోము నగరమును అట్లే చేసినది.

చిన్న తొట్టిలో చేపను చంపునది ఇరుకుతనము మాత్రమే కాదు, దాని విసర్జనము కూడ. చేప తన మొప్పల నుండి, మలము నుండి నిత్యము అమ్మోనియాను విడుచును. తినక మిగిలిన మేత కుళ్ళి మరికొంత చేర్చును. ఫిల్టరులోని స్పాంజిని, అడుగుననున్న గులకరాళ్ళను పట్టుకొని కంటికి కానరాని సూక్ష్మజీవులు జీవించును. వానిలో ఒక తెగ అమ్మోనియాను నైట్రైటుగను, మరియొక తెగ దానిని నైట్రేటుగను మార్చును. మొదటి రెండును విషములు. మూడవది కొంత మేరకు సహింపదగినది, నీరు మార్చినప్పుడు తగ్గునది. ఇప్పుడు లెక్క చూడుడు. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు గల తొట్టిలో నిండా నింపినను 54 లీటర్లే పట్టును. 120 పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు గల దానిలో 243 లీటర్లు పట్టును. అవే నాలుగు చేపలు, అదే విసర్జనము. కాని విషపు గాఢత నాలుగున్నర రెట్లు తగ్గును. ఒకనాడు పసిపిల్ల మేత డబ్బాను ఒలకబోసినను, ఫిల్టరు ఒక పూట ఆగిపోయినను, పెద్ద తొట్టి మనకు దిద్దుకొనుటకు వ్యవధి నిచ్చును, చిన్నది ఇయ్యదు. పెద్ద తొట్టి అనగా పెద్ద చాకిరి అని అందరును తలంతురు. నిజమునకు కష్టమైనది చిన్న తొట్టిని నిలకడగా నుంచుటయే.

నీటిలో మొక్కలు వేసినచో చాలదా యని మా అమ్మాయి అడిగినది. ఆ ప్రశ్న ప్రాచీనమైనది. 1850లో లండనులో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు రెండు చిన్న గోల్డ్ ఫిష్‌లను, రిబ్బను వంటి పొడవాటి ఆకులు గల వాలిస్నేరియా మొక్కను ఒక గాజు పాత్రలో నుంచి, కుళ్ళిన ఆకులను తినుటకు నత్తలను చేర్చి, ఈ మూడును ఒకదాని నొకటి పోషించుకొనునని ప్రకటించెను. మూడేండ్లకు ఆ నగరపు జంతుప్రదర్శనశాలలో ప్రజల కొరకు చేపల గృహము తెరచిరి. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ వ్రాసిన గ్రంథముతో అక్వేరియం అను మాట ఇంటింటికి చేరినది. వారింగ్టన్ చూచినది సత్యమే. అయితే ఆయన పాత్రలో చేపలు రెండే, అవియు చిన్నవి. మొక్కలు మేలు చేయును గాని, జానెడు చేపలు నాలుగింటి మలినమును భరింపజాలవు; పైగా గోల్డ్ ఫిష్ లేత ఆకులను కొరికి తినును.

నేను ఈ సంగతులన్నియు చెప్పి చూచితిని. ఎవరును చలింపలేదు. లెక్కలతో మనుష్యులు కరగరు, కరగవలసిన పనియు లేదు; వారి వారి భయములు వేరు.

మా నాన్నగారు నీటిపారుదల శాఖలో పనిచేసి విశ్రాంతి తీసికొన్నవారు. తొట్టి పొడవు వెడల్పులు చెప్పినంతనే పత్రికను మడిచి, దాని అంచున పెన్సిలుతో గుణించి, "ఇందులో నీరే రెండువందల నలుబది కిలోలురా. అద్దము, రాళ్ళు, స్టాండు కలిపితే ఎంత అవుతుందో చూచావా?" అని అడిగిరి. నేను చూచితిని, చూచియు చెప్పలేదు. పది మిల్లీమీటర్ల అద్దముతో చేసిన ఆ తొట్టి ఒక్కటే ఏబది కిలోలుండును. గులకరాళ్ళు, ఇనుప స్టాండు చేరినచో మొత్తము 350 కిలోల దరిదాపు. అయిదారుగురు పెద్దమనుష్యులు రాత్రింబవళ్ళు ఒకే మూల కదలక నిలిచినట్లు. నివాసగృహములలో నేల చదరపు మీటరుకు 200 కిలోల బరువును మోయవలెనని మన దేశపు నిర్మాణ ప్రమాణము. తొట్టి నిలుచు స్థలము అర చదరపు మీటరుకు కొంచె మెక్కువ. ఆ ప్రమాణము గది అంతటను సమముగా పరచిన బరువును గూర్చి చెప్పినది గనుక, ఒక్క మూలను ఇంత భారముంచిన వెంటనే స్లాబు కూలునని అర్థము కాదు. కాని గది నడుమ ఉంచరాదు, కింద దూలమున్న గోడ నానించి, ఇల్లు కట్టిన విధము తెలిసిన ఇంజనీరును అడిగి ఉంచవలెనని మాత్రము నిశ్చయముగా అర్థము. నేను బరువు సంగతి దాచుట తప్పు. ఇంటివారు తామే కనుగొన్న నిజము, మనము చెప్పిన పది నిజములను అబద్ధములుగా తోపజేయును. ఆ రాత్రి నాన్నగారితో ఆ మాట ఒప్పుకొంటిని. మరునాడు ఆయనయే పాత ప్లాను కాగితము వెదకి తీసి, హాలులో ఉత్తరపు గోడ కింద దూలము పోవుచున్నదని చూపిరి. ఇంజనీరు వచ్చి సరేయనిన నాటి నుండి, ఆయన కాదనువారిలో లేరు.

అమ్మకు ఉత్తరపు గోడ సమ్మతమే, నీరు ఉత్తర ఈశాన్యముల నుండవలెనని ఆమె విశ్వాసము. నేను మొదట పడమటి కిటికీ ప్రక్కన ఉంచుదమనుకొంటిని, వెలుగు బాగుండునని. సాయంకాలపు ఎండ తొట్టిపై పడినచో నీరు వేడెక్కును, అద్దముల నిండ పాచి పట్టును. కావున ఆ చోటు తగదని చేపల శాస్త్రమును చెప్పును. ఇట్టి చోట పెద్దల విశ్వాసముతో వాదము పెట్టుకొనుట అవివేకము. ఆమె అసలు బాధ వేరు. "మూగజీవాలను తెచ్చి చంపితే పాపము మనకే కదరా, ఉన్నవాటికే సుఖము లేదు, ఇంకా ఎందుకు?" అనెడిది. ఆ మాటకు సమాధానము నేను చెప్పలేదు, మే నెల చెప్పినది. నీటిలో కరగిన ప్రాణవాయువు, 20 డిగ్రీల వేడిమిలో లీటరుకు సుమారు తొమ్మిది మిల్లీగ్రాములుండగా, 30 డిగ్రీలలో ఏడున్నరకు పడిపోవును; గోల్డ్ ఫిష్ చల్లని నీటి జీవి. కరెంటు పోయిన ఒక మధ్యాహ్నము నాలుగును నీటి పైకి వచ్చి నోరు తెరచి మూయుచుండెను. అమ్మ విసనకర్రను పక్కన పెట్టి, చెంబుతో నీరు ముంచి ఎత్తి నుండి ధారగా పోయుచు గంటసేపు నిలుచుండెను. అట్లు పోసినచో గాలి నీటిలో కలియునని ఆమెకు ఎవరును చెప్పలేదు. అవి బ్రతికినవి. పెద్ద తొట్టిలో నీటి పైతలము మూడింతలు, వేడెక్కుట నెమ్మది, అందుచే గాలి ఎక్కువ యందునని ఆ రాత్రి వివరించితిని. "అయితే వాటి కోసమే అంటావు" అని మాత్రమనెను.

మిగిలినది నా భార్య. ఆమె కాదనుటకు కారణము నా మాటలలో ఎన్నడును రాలేదు, ఏలయన ఆ కారణము నేనే. వారమునకు రెండుసార్లు చెంబుతో నీరు తోడుట, బకెట్లు మోయుట, స్పాంజి పిండుట, నేల తుడుచుట, నేను ఊరికి పోయిన దినములలో మేత వేయుట, ఇవన్నియు ఎవరి మీద పడినవో లెక్క వ్రాయకపోయినను ఆమెకు తెలియును. "మీరు చేపలను చూచుటకు కూర్చుంటారు, నేను వాటి కింద తుడుచుటకు కూర్చుంటాను" అని ఒకసారి అనినది. ఇంతకన్న న్యాయమైన అభ్యంతరము మరొకటి లేదు. ఇట్టి చోట వాగ్దానములు పనికిరావు. నేను తొట్టి ప్రస్తావన మాని, రెండు నెలలు చిన్న తొట్టి పని యావత్తు ఎవరికిని చెప్పకుండ చేసితిని. సన్నని రబ్బరు గొట్టము కొని, ఒక కొన తొట్టిలోను, రెండవ కొన క్రింద బకెట్టులోను ఉంచి నీరు దానంతట అది దిగునట్లు చేసికొంటిని; మునిసిపాలిటీ నీటిలోని క్లోరిను పోవుటకు డాబాపై ఒక డ్రమ్ములో ముందునాడే నీరు పట్టియుంచి, అచట నుండి గొట్టముతోనే క్రిందికి దింపితిని. నేలపై చుక్క పడలేదు. మూడవ నెలలో ఆమెయే, "ఆ పెద్దదానికి కూడ ఈ గొట్టము చాలునా?" అని అడిగినది.

పిల్లలను రాయబారమునకు పంపువారు కలరు. మా అమ్మాయి ఏడ్చి సాధించెదనని ముందుకు వచ్చినది, నేను వారించితిని. పిల్లల కన్నీటితో వచ్చిన తొట్టికి ఇంటిలో గౌరవముండదు, మొదటి అద్దము పగిలిననాడు ఆ సంగతి తెలియును.

విద్యుత్తు ఖర్చు చిన్నది. పదిహేను వాట్ల ఫిల్టరు రేయింబవళ్ళు, ముప్పది వాట్ల దీపము ఎనిమిది గంటలు నడచినచో, నెలకు పదునెనిమిది యూనిట్లు. మన కోస్తా ఎండలలో నీటిని వేడిచేయు పరికరముతో గోల్డ్ ఫిష్‌కు పని లేదు. కరెంటు పోయినపుడు నడచు బ్యాటరీ గాలిపంపు మాత్రము తప్పక ఉండవలెను.

ఒక సంగతి మాత్రము గట్టిగా చెప్పవలసియున్నది. పాచి తినునని దుకాణదారులు సక్కర్ చేపను అంటగట్టుదురు. దక్షిణ అమెరికా నుండి వచ్చిన ఈ చేప అడుగును మించి పెరుగును. అది పట్టక జనులు కాలువలోను చెరువులోను విడుచుదురు. అట్లు చేరిన దానినే నేడు మన ఆంధ్ర రైతులు దెయ్యపు చేప యని పిలిచి, చెరువులలో పెంపుడు చేపల మేతను అది కాజేయుచున్నదని, వలలను చీల్చుచున్నదని వాపోవుచున్నారు. పెద్ద తొట్టి వచ్చెను గదా యని పెద్ద పెద్ద చేపలను కొని తెచ్చువారు, అవి తొట్టిని మించి పెరుగునాటికి ఏమి చేయుదురో ముందే ఆలోచింపవలయును. ఏలూరు కాలువయు బందరు కాలువయు మన ఇంటి మిగులును పారబోయు చోటులు కావు.

తొట్టి ఒక ఆదివారము వచ్చినది. మేస్త్రి రసమట్టముతో స్టాండు సరిచూచెను. ఒక మూల వెంట్రుకవాసి పల్లముండినను నీటి భారము అద్దపు అతుకులపై పడును. అడుగున థర్మోకోల్ పలక పరచి, పైన తొట్టి నిలిపి, కొంచెము కొంచెముగా రెండు దినములలో నింపితిమి. అతిథులు వచ్చి చేపలేవని అడిగిరి. కొత్త నీటిలో సూక్ష్మజీవులు నిలుచుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. పాత ఫిల్టరు స్పాంజిని కొత్తదానిలో నడిపించినందున మాకు త్వరగా నెరవేరినది. మొదట రెండు చేపలను, పది దినములకు మిగిలిన రెండింటిని మార్చితిమి. మొత్తము నాలుగే. మరి కొనలేదు.

ఇపుడు ఆదివారములందు ఉదయమే గొట్టము వేయుదును. నాలుగు బకెట్ల నీరు దిగును. అందున్న నైట్రేటు మొక్కలకు ఎరువు. ఆ నీటిపై అధికారము అమ్మది. మొదటి బకెట్టు కరివేపాకునకు, రెండవది మల్లెకు, తక్కినవి వంగమొక్కలకు అని ఆమె పంపకము చేసియున్నది. పోయిన వారము నేను జ్వరముతో పడుకొనియుండగా, అమ్మ గది వాకిట నిలిచి, "నీళ్ళు ఎవరు తీస్తారురా?" అనెను. నా భార్య లోపలి నుండి గొట్టము చుట్టను పట్టుకొని వచ్చినది. ఆమె వెనుక నాన్నగారు, బకెట్లతో.