బరాత్ ముందు నడిచే బ్యాండు సభలో కూర్చుంటే

హైదరాబాద్‌లో చౌమహల్లా ప్యాలెస్‌కు దగ్గరలోని హుస్సేనీ ఆలంలో పెళ్లి బరాత్ బయల్దేరిందంటే కళ్లకంటే ముందు చెవులకే తెలుస్తుంది. ట్రంపెట్ అరుపు సందు మలుపులోనే అందుతుంది. వెనకే క్లారినెట్, దాని కింద యూఫోనియం మంద్రం, సైడ్ డ్రమ్ము దరువు. కొన్ని పెళ్లిళ్లలో మర్ఫా కూడా మోగుతుంది. నిజాం కొలువుకు ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు, యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులు ఈ ఊరికి ఇచ్చిన తాళం అది. మొహర్రంలో బరాత్‌లకు విరామం. ఆ రోజులు దాటాక మళ్లీ మొదలు.

ఈ మేళగాళ్లలో చాలామంది నేర్చుకున్నది చెవితోనే. రాసిన స్వరం ముందు పెట్టుకోరు. కొత్త సినిమా పాట వస్తే విని, పట్టుకుని, ఊరేగింపులో దించేస్తారు. దేశమంతా వాయించే ఇత్తడి వాద్యాల తయారీకి మీరట్‌లోని జాలీ కోఠీ పేరుపడింది. న్యూజిలాండ్‌లో ఆచార్యుడైన గ్రెగరీ బూత్ మన పెళ్లి బ్యాండ్ల మీద ఏళ్ల తరబడి తిరిగి, 2005లో ‘బ్రాస్ బాజా’ అనే పుస్తకమే రాశాడు. ఇంత విద్య ఉన్నా ఈ వాద్యగాళ్లను కూర్చోబెట్టి, ఎదురుగా కూర్చుని, పెళ్లి ఊసు లేకుండా సంగీతం కోసమే వినే అలవాటు మనకు రాలేదు. అది పెద్ద లోటు.

బయట దేశాల్లో ఆ పని విశ్వవిద్యాలయాలు చేశాయి. వేదిక మీద ఫ్లూట్లు, క్లారినెట్లు, శాక్సొఫోన్లు, హారన్లు, ట్రంపెట్లు, ట్రాంబోన్లు, ట్యూబాలు, వెనక తాళవాద్యాలు. వయొలిన్లు ఉండవు. దీన్నే విండ్ బ్యాండు అంటారు. దీని పుట్టుక సైన్యంలో. ఆరుబయట, గుర్రాల డెక్కల మధ్య వినిపించాలంటే తీగ వాద్యాల గొంతు చాలదు. పాత ట్రంపెట్‌కు మరో ఇబ్బంది ఉండేది: ఉత్త గొట్టం కాబట్టి కొన్ని స్వరాలే పలికేవి. 1818లో జర్మనీలో వాల్వులకు పేటెంటు వచ్చింది. మీట నొక్కితే గొట్టం పొడవు మారుతుంది, కావాల్సిన స్వరం చేతికొస్తుంది. 1846లో అడాల్ఫ్ శాక్స్ శాక్సొఫోన్‌కు పేటెంటు తీసుకున్నాడు. వాద్యాలు అమరాయి. వాటి కోసమే రాసిన గట్టి సంగీతం మాత్రం ఆలస్యంగా వచ్చింది.

1909లో గుస్తావ్ హోల్స్ట్ సైనిక బ్యాండుకు ఒక సూట్, అంటే కొన్ని భాగాల రచన, రాశాడు. 1937లో పెర్సీ గ్రెయింజర్ ఇంగ్లండ్ పల్లెపాటల మీద ‘లింకన్‌షైర్ పోజీ’ కూర్చాడు. తాళం మాటిమాటికీ మారే ఆ రచన తొలి ప్రదర్శనలో వాయించలేక కొన్ని భాగాలు వదిలేశారు. ఈనాడు కాలేజీ పిల్లలు దాన్ని మొత్తంగా వాయిస్తున్నారు. 1952లో ఫ్రెడరిక్ ఫెన్నెల్ అమెరికాలోని ఈస్ట్‌మన్ సంగీత విద్యాలయంలో ఒక్కో భాగానికి ఒక్కరే వాయించే చిన్న బృందం కట్టాక, స్వరకర్తలకు బ్యాండు మీద కొత్త గౌరవం కలిగింది.

అప్పటి నుంచి ఒక పద్ధతి బలపడింది. విశ్వవిద్యాలయం స్వరకర్తకు డబ్బిచ్చి కొత్త రచన చేయించుకుంటుంది, ఒక్కోసారి నాలుగైదు కాలేజీలు కలిసి ఆ ఖర్చు పంచుకుంటాయి. కచేరీకి ముందు స్వరకర్త స్వయంగా వచ్చి సాధనలో కూర్చుంటాడు. కాగితం మీద ఉన్నది ఎందుకలా ఉందో, రాసినవాడినే అడిగే అవకాశం పిల్లలకు దొరుకుతుంది. పాఠ్యపుస్తకం ఇవ్వలేనిది ఇదే.

కారెల్ హుసా సంగతే చూడండి. ప్రాగ్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఈ ఆచార్యుడు 1968 ఆగస్టులో సోవియట్ ట్యాంకులు తన ఊళ్లోకి దూసుకొచ్చాయని రేడియోలో విన్నాడు. ఇథాకా కాలేజీ విద్యార్థి బ్యాండు కోసం ‘మ్యూజిక్ ఫర్ ప్రాగ్ 1968’ రాశాడు. పికోలో వేణువు ఒంటరి పక్షిలా మొదలుపెడుతుంది. ప్రాగ్ గోపురాల గంటలు మోగుతాయి. 15వ శతాబ్దపు చెక్ మతసంస్కరణవాదులైన హుస్సైట్ల యుద్ధగీతం లోపల్నుంచి తలెత్తుతుంది. మూడో భాగంలో ఊదే వాద్యం ఒక్కటీ పలకదు, అంతా తాళవాద్యాలే. 1969 జనవరిలో విద్యార్థులే దాన్ని మొదటిసారి వాయించారు. తర్వాత హుసా ఎన్నో కాలేజీలకు వెళ్లి స్వయంగా నడిపించాడు. 1990లో, ప్రభుత్వం మారాక, దాని ఆర్కెస్ట్రా రూపాన్ని ప్రాగ్‌లోనే వినిపించాడు.

తాళవాద్యాలే మొత్తం భాగాన్ని మోయగలవని హుసా చూపించాడు కదా, మర్ఫా ఉన్న ఊరికి ఆ మాట ఎంత దగ్గరగా తగలాలి! పాతబస్తీ దరువు తెలిసిన స్వరకర్త ఒకరు, ఉస్మానియా పరిధిలోని కాలేజీ పిల్లలు కొందరు, బరాత్‌లో ఆరితేరిన క్లారినెట్ విద్వాంసులు ఇద్దరు ముగ్గురు కలిస్తే రాయదగ్గ సంగీతం ఉంది. మన పూర్వికులకు బ్యాండు పరాయిదిగా తోచలేదు. ముత్తుస్వామి దీక్షితులు మద్రాసు దగ్గర మనలిలో ఉన్న రోజుల్లో సెయింట్ జార్జి కోటలో ఆంగ్లేయుల బ్యాండు విని, ఆ వరసలకు సంస్కృత సాహిత్యం కట్టారు. ‘సంతతం పాహిమాం’ వరస బ్రిటిష్ రాజగీతానిదే.

విదేశీ విద్వాంసుడు వచ్చి తెలుగు నేల మీద విద్యార్థి బ్యాండుకు నేర్పిన సందర్భమూ ఉంది. కెనడాలో 1928లో పుట్టిన జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మేనార్డ్ ఫెర్గుసన్ 1960ల చివర్లో కుటుంబంతో వచ్చి మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ స్కూల్లో పాఠాలు చెప్పాడు. తర్వాత పుట్టపర్తిలోని సత్యసాయి ఉన్నత విద్యాసంస్థ విద్యార్థుల బ్రాస్ బ్యాండుకు కొన్నేళ్లపాటు నేర్పాడు. సైన్సు, వాణిజ్యం చదివే చోట పిల్లలు ట్రంపెట్ పట్టారు.

మన సంగీతం కూడా అతని మీద పనిచేసింది. 1970లో వచ్చిన ‘ఎం.ఎఫ్. హార్న్’ ఆల్బంలో ఒక రచన పేరు ‘చలనాట’, మన 36వ మేళకర్త రాగం. అయితే ట్రంపెట్ వాల్వులు మెట్టుమెట్టుగా స్వరం ఇస్తాయి, గమకానికి కావాల్సింది మెట్ల మధ్య జారుడు. ఫెర్గుసన్ వాల్వులతో పాటు ట్రాంబోన్‌లా జరిగే గొట్టం కూడా ఉన్న ‘ఫైర్‌బర్డ్’ ట్రంపెట్‌కు రూపకల్పన చేశాడు. 2006లో కన్నుమూశాడు.