గెలిచినా కుర్చీ దక్కలేదు.. థాయ్‌లాండ్ లెక్క ఇదీ!

ఎన్నికల్లో సగం సీట్లు దాటితే ప్రభుత్వం మనదే. మనకు తెలిసిన లెక్క ఇదే కదా! లోక్‌సభలో 543కి 272 ఉంటే చాలు. కానీ థాయ్‌లాండ్‌లో 500 సీట్లకు 312 సీట్ల బలం ఉన్నా ఓ నాయకుడు ప్రధాని కాలేకపోయాడు. ఎలాగంటారా?

ఆరెంజ్ గాలి

2023 మే 14న అక్కడ పోలింగ్ జరిగింది. ఒక్కో ఓటరుకు రెండు బ్యాలెట్లు. ఒకటి నియోజకవర్గం అభ్యర్థికి, ఇంకోటి పార్టీకి. మొదటి దాంతో 400 మంది, రెండో దాంతో 100 మంది ఎంపీలవుతారు.

2001 నుంచీ మొదటి స్థానం ఎప్పుడూ థక్సిన్ షినవత్ర వర్గానిదే. ఈసారీ వాళ్ల ఫ్యూ థాయ్ పార్టీయే అనుకున్నారంతా. తీరా చూస్తే ఆరెంజ్ జెండా పార్టీ మూవ్ ఫార్వర్డ్‌కి 151, ఫ్యూ థాయ్‌కి 141. బ్యాంకాక్‌లో అయితే 33కి 32 మూవ్ ఫార్వర్డ్‌వే!

ఆ పార్టీ నాయకుడు పీటా లిమ్‌జరోన్‌రత్‌కి అప్పుడు 42 ఏళ్లు. అంతకుముందు గ్రాబ్ కంపెనీలో పనిచేశాడు. యూత్ అతని వెంట ఎందుకు నడిచిందో తెలియాలంటే ఓ లాటరీ గురించి చెప్పుకోవాలి. అక్కడ 21 ఏళ్లొచ్చిన కుర్రాళ్లు ఏప్రిల్‌లో చీటీ తీయాలి. నల్ల చీటీ వస్తే ఇంటికి, ఎర్ర చీటీ వస్తే సైన్యంలోకి, రెండేళ్ల దాకా. దీన్ని ఎత్తేస్తామంది మూవ్ ఫార్వర్డ్. రాజును అవమానిస్తే 3 నుంచి 15 ఏళ్లు జైల్లో పెట్టే సెక్షన్ 112నీ మారుస్తామంది. చిక్కంతా ఇక్కడే వచ్చింది.

376 దగ్గర ఆగింది

2014లో సైన్యం అధికారం లాక్కుంది. 2017లో కొత్త రాజ్యాంగం తెచ్చింది. దాని ప్రకారం సైన్యం ఎంపిక చేసిన 250 మంది సెనేటర్లు కూడా ఐదేళ్లపాటు ప్రధాని ఎన్నికలో ఓటేస్తారు. అంటే మొత్తం 750. గెలవాలంటే 376.

పీటా ఎనిమిది పార్టీలను కలిపి 312 కూడగట్టాడు. జులై 13న ఓటింగ్‌లో వచ్చినవి 324. 250 మంది సెనేటర్లలో అతనికి ఓటేసింది 13 మందే! కోడ్ రాసేవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఇన్‌పుట్ ఎంత మారినా, లోపల కండిషన్ ముందే రాసిపెట్టి ఉంటే అవుట్‌పుట్ మారదు.

వారం తిరక్కుండానే, తండ్రి నుంచి వచ్చిన ఓ మీడియా కంపెనీ షేర్ల కేసులో కోర్టు అతన్ని ఎంపీగా సస్పెండ్ చేసింది. ఆ తర్వాత ఫ్యూ థాయ్ సైన్యం అనుకూల పార్టీలతో చేయి కలిపింది. ఆగస్టు 22న స్రెత్తా థావిసిన్ 482 ఓట్లతో ప్రధాని అయ్యాడు. 15 ఏళ్లుగా విదేశాల్లో ఉన్న థక్సిన్ స్వదేశంలో దిగిందీ అదే రోజు.

తర్వాత ఏమైంది?

షేర్ల కేసులో పీటా తప్పు లేదని 2024 జనవరిలో కోర్టే తేల్చింది. కానీ అదే ఏడాది ఆగస్టు 7న, సెక్షన్ 112 హామీని కారణంగా చూపి పార్టీనే రద్దు చేసింది. పీటాపై పదేళ్ల నిషేధం! మిగిలిన ఎంపీలు రెండు రోజుల్లోనే పీపుల్స్ పార్టీగా మళ్లీ ముందుకొచ్చారు.

2024 మేలో ఆ 250 మంది సెనేటర్ల గడువు ముగిసింది. కొత్త సెనేట్‌కు ప్రధాని ఎన్నికలో ఓటు లేదు. పార్టీలను రద్దు చేసే కోర్టు అధికారం మాత్రం అలాగే ఉంది. అందుకే థాయ్‌లాండ్‌లో ఎవరు గెలిచారన్న వార్త వస్తే, సీట్ల సంఖ్య చూసి అక్కడే ఆగకండి. రూల్స్ ఎవరు రాశారో కూడా చూడండి.