పడవ ముక్కు పైకి లేచినా, ముల్లు కదలదెందుకు?

స్టెర్న్‌డ్రైవ్ పడవలో ఇంజన్ లోపల, ప్రొపెల్లర్ ఉన్న డ్రైవ్ బయట ఉంటాయి. 1959లో వోల్వో అమ్మకానికి తెచ్చిన ఆక్వామాటిక్‌తో ఈ ఏర్పాటుకు పేరొచ్చింది. డ్రైవ్‌ను పైకీ కిందికీ వంచడమే ట్రిమ్. పైకి వంచితే పడవ ముక్కు లేస్తుంది. ఎంత వంచామో డాష్‌బోర్డు మీది గేజ్ చూపాలి.

దానికి ఆ సంగతి చెప్పేది సెండర్. డ్రైవ్ పక్కనే ఉంటుంది. పాత రేడియో వాల్యూమ్ నాబ్‌లాగే ఇదీ తిరిగేకొద్దీ విద్యుత్ నిరోధం మారుతుంది, ముల్లు జరుగుతుంది. పాపం, ఈ సెండర్ ఉండేది నీళ్లలో! స్టీరింగ్ తిప్పినప్పుడల్లా దాని తీగలు వంగుతాయి. ఏళ్లు గడిస్తే పైతొడుగు పగిలి, రాగికి చిలుము పట్టి, ముల్లు కదలకపోవచ్చు.

తప్పు గేజ్‌దా, సెండర్‌దా? ముందు గేజ్‌కు 12 వోల్టులు, ఎర్త్ సరిగా అందుతున్నాయో మల్టీమీటరుతో చూడాలి. తర్వాత సెండర్ తీగను గేజ్ నుంచి విప్పి, ఆ చోటును క్షణంపాటు ఎర్త్‌కు కలపాలి. ముల్లు ఈ చివర నుంచి ఆ చివరకు దూకితే గేజ్ బాగున్నట్టే; లోపం సెండర్‌లోనో దాని తీగల్లోనో ఉంది. చాలామంది తొందరపడి కొత్త గేజ్ కొనేస్తారు, డబ్బు దండగ.

పెట్రోలు ఆవిరి ఉన్నచోట చిన్న నిప్పురవ్వ కూడా ప్రమాదమే. పెద్దవాళ్లు పక్కన లేకుండా ఈ పరీక్ష చేయకండి.